అడ్డుకున్న పేపరు పల్లెలకి ఎలా చేరింది?

పీజీ స్టూడెంట్, బ్రాడీపేట, గుంటూరు:
సెమినార్ టాపిక్‌గా నాకు ‘షికాగో డిఫెండర్’ వచ్చింది. అమెరికాలో రాబర్ట్ అబ్బాట్ 1905లో 25 సెంట్లతో మొదలుపెట్టిన నల్లజాతివాళ్ల వారపత్రిక. మొదటి సంచిక 300 కాపీలు. ఆ దేశపు దక్షిణాదిలో తెల్లవాళ్లు ఆ పేపరు కనబడితే లాక్కునేవాళ్లట. మరి అక్కడి మిసిసిపీ రాష్ట్రం పల్లెలదాకా ఎలా వెళ్లింది? పోస్టులోనా?

పాత పేపర్ ఏజెంట్, గవర్నర్‌పేట, విజయవాడ:
పోస్టుని నమ్ముకుంటే పనయ్యేది కాదు బాబూ. రైల్లో వెళ్లింది. పుల్‌మన్ కంపెనీ స్లీపర్ పెట్టెల్లో పక్కలు వేసే పోర్టర్లు నల్లవాళ్లే. కట్టలు తమ సామానులో పెట్టుకుని స్టేషన్లలో తమవాళ్లకి అందించేవాళ్లు.

నాకిది చదవక్కర్లేదు, చేశాను. తెల్లవారుజామున బస్టాండులో కట్టకి పురికొస బిగించి, అవనిగడ్డ మొదటి బస్సులో డ్రైవరు సీటు వెనక తోసేవాణ్ణి. కండక్టరు ఉయ్యూరులో ఒకటి, చల్లపల్లిలో ఒకటి దించేవాడు. ఓసారి వానలో కట్ట మొత్తం తడిసి ముద్దయింది. ఆఫీసువాళ్లు పైసా తగ్గించలేదు, నా కమిషన్‌లోంచే పోయింది.

చల్లపల్లి టీకొట్లో ఒకడు చదివితే పదిమంది వినేవాళ్లు. డిఫెండర్‌కీ అంతే. మంగలి షాపుల్లో, చర్చిల్లో పైకి చదివేవాళ్లు. అందులో ఉత్తరాది ఉద్యోగాలు, రైళ్ల టైములు కూడా ఉండేవి. వేలమంది అది పట్టుకునే షికాగో రైలెక్కారు. సర్క్యులేషన్‌లో సగానికి పైగా షికాగో బయటే.

లెక్చరర్, తెనాలి:
మరీ దేవుణ్ణి చెయ్యకండి. ఎర్ర సిరాతో గావుకేక హెడ్డింగులు, పక్కనే ఒళ్లు తెల్లబడే క్రీముల ప్రకటనలు. పైగా డిఫెండర్ ఒక్కటే కాదమ్మా. తొలి నల్లజాతి పత్రిక ‘ఫ్రీడమ్స్ జర్నల్’ 1827లోనే న్యూయార్క్‌లో వచ్చింది. ‘పిట్స్‌బర్గ్ కొరియర్’ 1942లో ‘డబుల్ వి’ (రెండు విక్టరీలు) ఉద్యమం నడిపింది: బయట ఫాసిజం మీద ఒక గెలుపు, సొంత దేశంలో వర్ణవివక్ష మీద ఇంకోటి. అదీ చేర్చు.

పీజీ స్టూడెంట్:
థాంక్స్ మేడమ్. అంకుల్, క్రీముల సంగతి నిజమేనా? పోర్టర్లకి ఏం ముట్టేది?

పాత పేపర్ ఏజెంట్:
క్రీములు నిజమే, మేడమ్ మాట కాదనను. ప్రకటనల డబ్బు లేకుండా ఏ పేపరు నడిచింది? పోర్టర్లకి అబ్బాట్ ఏం ఇచ్చాడో గానీ రైల్వే వాళ్ల కబుర్లు మాత్రం పేపర్లో వేసేవాడు. మా కండక్టరుకి రోజూ ఒక కాపీ ఫ్రీ. ఉయ్యూరు దాటేలోపు చదివేసి, చక్కగా మడతపెట్టి, చల్లపల్లిలో అమ్మేసేవాడు.