లాలాగూడ పాత రైల్వే క్వార్టర్ల రిజిస్టర్లు ఎక్కడ దొరుకుతాయి?

సికింద్రాబాద్‌లోని లాలాగూడ, మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో ఎప్పుడెవరు ఉన్నారో వీధివారీగా రాసిపెట్టాలని ఎనిమిది నెలలుగా ప్రయత్నిస్తున్నాను. 1893లో వర్క్‌షాప్ వచ్చాక పెరిగిన పేట ఇది. నాకు కావలసింది 1893 నుంచి 1930 వరకు, అంటే నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ చేతిలో ఉన్న కాలం. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను సొంతం చేసుకున్న తర్వాతి సంగతులు పెద్దవాళ్లు కొంత చెప్పగలుగుతున్నారు. అంతకు ముందుదే చీకటి.

ఇప్పటిదాకా పదకొండు మంది రిటైర్డ్ ఉద్యోగులతో మాట్లాడాను. సైరన్‌తో మొదలయ్యే పొద్దు, రైల్వే ఉద్యోగుల క్లబ్బు అయిన ఇన్‌స్టిట్యూట్‌లో క్రిస్మస్ డ్యాన్సులు, ఆంగ్లో ఇండియన్, తమిళ, తెలుగు కుటుంబాలు ఒకే కుళాయి దగ్గర నీళ్లు పట్టుకోవడం, ఇవన్నీ చాలా ఇష్టంగా చెప్పారు. కానీ వాళ్ల జ్ఞాపకాలు 1940ల దగ్గరే ఆగిపోతాయి. ఒక చర్చిలో పెళ్లిళ్ల రిజిస్టర్ చూపించారు. అందులో పేరు, ఉద్యోగం ఉన్నాయి, క్వార్టర్ నంబరు లేదు. ఒక కార్యాలయంలో రెండుసార్లు రాతపూర్వకంగా అడిగితే పాత కాగితాలు లేవన్నారు. 1912-15 నాటి హైదరాబాదు మున్సిపల్ మ్యాపులూ తిరగేశాను. ఈ పేట కనిపించలేదు.

నాతో మాట్లాడిన వాళ్లలో ఇద్దరు ఈ ఏడాదే పోయారు. అందుకే ఈ టెన్షన్.

1930కి ముందు నాటి క్వార్టర్ల కేటాయింపు రిజిస్టరు గానీ, కాలనీ ప్లాను గానీ మీలో ఎవరైనా స్వయంగా చూశారా? చూస్తే ఎక్కడ, ఏ విభాగంలో?