హ్యాచ్ చెదిరిపోతోంది, గీతలు వణుకుతున్నాయి: గ్రాఫిక్స్ కార్డు సమస్యా, ఫైల్ సమస్యా?

ప్రశ్న
తిరుచానూరు దగ్గర ఒక స్థలం. సర్వేయర్ ఇచ్చిన డీజీపీఎస్ (ఉపగ్రహ కొలతల) డ్రాయింగ్ మీదే ఆటోక్యాడ్‌లో ప్లాన్ గీశాం, యూనిట్లు మిల్లీమీటర్లు. ప్యాన్ చేస్తే గీతలు వణుకుతున్నాయి, ఇటుక హ్యాచ్ (గోడలో నింపే గీతల నమూనా) మెట్లుమెట్లుగా విరుగుతోంది. స్కెచప్‌లోకి తెచ్చి దగ్గరికి జూమ్ చేస్తే గోడలు కోసేసినట్టు మాయం. డ్రైవర్ కొత్తది వేసినా అంతే. కార్డు మార్చాలా అన్నా?

జవాబు 1
తొందరపడొద్దు. గ్రాఫిక్స్‌కాన్ఫిగ్ కమాండ్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆఫ్ చేసి చూడు. తర్వాత ఖాళీ డ్రాయింగ్‌లో 0,0 దగ్గర అదే హ్యాచ్ వెయ్యి. అక్కడ బాగుంటే కార్డు తప్పేం లేదు. ల్యాప్‌టాప్‌లో రెండు కార్డులుంటే విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోని గ్రాఫిక్స్ పేజీలో ఆటోక్యాడ్‌కు హై పర్ఫార్మెన్స్ ఎంచుకో. స్థలం మూల మీద ఐడీ (బిందువు అంకెలు చూపే కమాండ్) కొడితే ఏం చూపిస్తోంది?

ప్రశ్న అడిగినవారు
ఆఫ్ చేసినా హ్యాచ్ అంతే. ఖాళీ ఫైల్‌లో బాగానే వస్తోంది. ఐడీ: ఎక్స్ 33,21,40,000, వై 1,50,54,20,000.

జవాబు 2
దొరికింది. అవి యూటీఎం (భూమిని జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతి) 44 ఉత్తర జోన్ అంకెలు. మన తిరుపతి ఆ లెక్కలో తూర్పు దాదాపు 3.3 లక్షలు, ఉత్తరం దాదాపు 15 లక్షల మీటర్లు. మిల్లీమీటర్లలోకి మారిస్తే వై 150 కోట్లు దాటుతుంది. ఆటోక్యాడ్ ఫైల్‌లో అంకెలు కచ్చితంగానే ఉంటాయి. తెర మీద గీసేటప్పుడు కార్డు ఎక్కువగా వాడే సింగిల్ ప్రెసిషన్‌కు (తక్కువ అంకెలతో చేసే లెక్క) మాత్రం సుమారు 7 అంకెల దాకానే ఓపిక. 150 కోట్ల దగ్గర అది 128 మిల్లీమీటర్ల అంగలు వేస్తుంది, ఎక్స్ వైపు 32. తొమ్మిదంగుళాల గోడ మందం 230, అంటే రెండంగలు కూడా లేదు. ఇక వణకదా?

ఫైల్ కాపీ తీసుకుని, లేయర్లన్నీ థా చేసి (ఫ్రీజ్ తీసి) అన్‌లాక్ చెయ్యి. ఫ్రీజ్‌లోనో లాక్‌లోనో ఉన్నవి ఆల్‌కు (అన్నీ ఎంచుకునే ఆప్షన్) రావు, వెనకే ఉండిపోతాయి. మూవ్ కమాండ్ కొట్టి, ఆల్ అను. బేస్ పాయింట్‌ను స్నాప్‌తో (కర్సర్ గీసిన బిందువుకు అతుక్కునే సదుపాయం) పట్టుకోకుండా 332000000,1505000000 అని టైప్ చెయ్యి. స్నాప్‌తో పట్టుకుంటే ఆ బిందువు జెడ్ (ఎత్తు) కూడా కలిసి లెవెల్స్ జరుగుతాయి. అంకెల మధ్య వేలు, లక్షల కామాలు పెట్టొద్దు, ఆటోక్యాడ్‌కు కామా అంటే ఎక్స్ అయిపోయిందనే. రెండో పాయింట్ #0,0. డైనమిక్ ఇన్‌పుట్ (కర్సర్ పక్కనే అంకెలు టైప్ చేసే పద్ధతి) ఆన్‌లో ఉన్నప్పుడు # లేకుంటే 0,0 రిలేటివ్ (బేస్ పాయింట్ నుంచి లెక్క) అయి ఏమీ కదలదు. తర్వాత రీజెన్ (తెరను మళ్లీ గీయించే కమాండ్). జరిపిన అంకెలు షీట్ మీద రాసిపెట్టు. తిరిగి పంపేటప్పుడు బేస్ 0,0, రెండో పాయింట్ #332000000,1505000000.

జవాబు 3
యూసీఎస్ (మనం పెట్టుకునే అక్షాలు) మార్చితే చాలంటారు కొందరు. చాలదు, చూపించే అంకె మారుతుంది గానీ గీత ఉన్నచోటే ఉంటుంది. ఒక్క హ్యాచ్ వరకే అయితే హెచ్‌పీఆరిజిన్‌ను (హ్యాచ్ మొదలయ్యే బిందువు) గోడ దగ్గరి బిందువుకు మార్చి మళ్లీ వేస్తే కుదురుతుంది.

స్కెచప్‌లో దిగుమతి ఆప్షన్లలో ప్రిజర్వ్ డ్రాయింగ్ ఆరిజిన్ టిక్ తీసెయ్యి. ఆ ముందు ఆటోక్యాడ్‌లో జూమ్ ఎక్స్‌టెంట్స్ (గీసినదంతా తెర మీద చూపేది) కొట్టు. ప్లాన్ చుక్కంతే కనిపిస్తే ఎక్కడో దూరంగా పాత బ్లాక్ మిగిలినట్టే, దాన్ని తీసేయకపోతే స్కెచప్‌లో గోడలు మళ్లీ కోసుకుపోతాయి.

ప్రశ్న అడిగినవారు
ఫ్రీజ్‌లో సర్వే పాయింట్ల లేయర్ ఒకటుంది, అది కూడా తెరిచి జరిపా. హ్యాచ్ సాఫీగా వచ్చింది. స్కెచప్ ఇంకా చూడాలి.