ఫిబ్రవరిలో టోక్యో వస్తున్నాను, మాస్క్ సంగతి చెప్పండి

అన్నలకూ అక్కలకూ నమస్తే. ఫిబ్రవరి మొదటి వారంలో హైదరాబాద్ నుంచి టోక్యో వస్తున్నాను. ఆఫీసు ఓతెమాచిలో, రూమ్ నిషికసాయిలో చూశారు. నా డౌట్ మాస్క్ గురించి. ఒక వీడియోలో జపాన్‌లో మాస్క్ లేకుండా బయట తిరగనివ్వరని చెప్పారు, మా సీనియర్ ఏమో ఇప్పుడెవరూ పట్టించుకోవట్లేదు అంటున్నాడు. ఏది నిజం? ఇక్కడి నుంచి బాక్సులు తెచ్చుకోవాలా? మొదటి రోజు ఆఫీసుకు పెట్టుకుని వెళ్లాలా? అమ్మ కూడా ఒకటే టెన్షన్ పడుతోంది, అక్కడేమైనా రోగాలున్నాయా అని.

నిషికసాయి నుంచి:

తమ్ముడూ, ముందు అమ్మకు ధైర్యం చెప్పు. మాస్క్ లేదని ఇక్కడ నిన్ను ఎవరూ ఆపరు, ఫైన్ వెయ్యరు. కరోనా ఉధృతంగా ఉన్న రోజుల్లో కూడా ఇక్కడ మాస్క్ పెట్టుకోకపోతే శిక్ష అనే చట్టం లేదు, పెట్టుకోండని ప్రభుత్వం అడిగింది, జనం పెట్టుకున్నారు. 2023 మార్చి 13 నుంచి ఎవరిష్టం వాళ్లదని ప్రభుత్వమే చెప్పేసింది, అదే ఏడాది మే 8న కరోనాను మామూలు సీజనల్ ఫ్లూ ఉండే వర్గంలోకి మార్చారు. కాబట్టి వీడియోలో చెప్పింది తప్పు. అలాగని మీ సీనియర్ మాట కూడా పూర్తిగా నిజం కాదు. నువ్వు ఆఫీసుకు వెళ్లే మెట్రో, తోజాయ్ లైన్ ఎక్కిన మొదటి రోజే చూస్తావు, ఏ పెట్టెలో చూసినా మాస్కులు కనిపిస్తాయి, అందులోనూ నువ్వు వచ్చేది సరిగ్గా పుప్పొడి సీజన్‌లో.

రోగాలా అని అమ్మ అడిగిందన్నావు కదా, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కనిపించే మాస్కుల్లో చాలావరకు పుప్పొడి కోసమే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్లు కట్టడానికి కలప కావాలని కొండల నిండా సుగి అనే చెట్లు నాటారు, తర్వాత బయటి దేశాల కలప చౌకగా దొరకడంతో వాటిని కొట్టేవాళ్లు తగ్గిపోయారు, ఇప్పుడు అవన్నీ పెద్దవై ఏటా పుప్పొడి వదులుతున్నాయి. సుగి అయిపోయిందనుకునేలోపు హినోకి అనే ఇంకో చెట్టుది మొదలవుతుంది. 2019లో ముక్కు, చెవి, గొంతు డాక్టర్లనూ వాళ్ల కుటుంబాలనూ అడిగి చేసిన సర్వేలో సుమారు 39 శాతం మందికి సుగి ఎలర్జీ ఉందని తేలింది. సుగి తోటల విస్తీర్ణాన్ని పదేళ్లలో 20 శాతం తగ్గిస్తామని 2023లో ప్రభుత్వం ప్రణాళిక వేసిందంటే సమస్య ఎంత పెద్దదో చూడు. కాబట్టి పక్క సీటాయన మాస్క్ పెట్టుకుంటే ఆయనకేదో జబ్బుందని అనుకోకు, నిన్ను చూసి పెట్టుకున్నాడని అసలే అనుకోకు.

ఇష్టం వచ్చినట్టు ఉండొచ్చు అన్నది ఆరోగ్యంగా ఉన్న రోజులకే. జలుబో దగ్గో ఉన్న రోజు మాత్రం మాస్క్ లేకుండా గడప దాటకు. ఇది నేను గట్టిగా చెబుతున్నాను. మన లైన్లో కిబా, మోన్‌జెన్ నకాచో స్టేషన్ల మధ్య 2019లో పొద్దుటి రద్దీ 199 శాతమని, అంటే రైలు పట్టేదానికి దాదాపు రెట్టింపు జనమని లెక్క తేల్చారు, ఇప్పుడు అంత లేకపోయినా ఉదయం ఎనిమిదింటికి నీ గడ్డం ముందాయన భుజానికి ఆనుతుంది. అక్కడ నోరు తిప్పుకోవడానికి కూడా చోటుండదు. మన ఊళ్లో బస్సులో అయితే పక్కనున్న పెద్దాయన ‘బాబూ, నోటికి కాస్త కర్చీఫ్ అడ్డం పెట్టుకో’ అనేస్తాడు, నువ్వు పెట్టుకుంటావు, అక్కడితో సరి. ఇక్కడ ఆ మాట అనేవాళ్లు చాలా తక్కువ. మొహం అటు తిప్పుకుంటారు, వీలుంటే ఒక అడుగు జరుగుతారు, తర్వాతి స్టేషన్‌లో దిగి పక్క పెట్టె ఎక్కేవాళ్లూ ఉంటారు. మనవాళ్లలో కొందరు అది చూసి ‘ఫారినర్నని దూరం జరిగారు’ అని మనసు కష్టపెట్టుకుంటారు, రాత్రి ఫోన్లో ఇంటివాళ్లతో చెప్పుకుని బాధపడతారు. అలా జరగడం అసలు ఉండదని నేను చెప్పను, కానీ దగ్గుతున్న జపాన్ ఆయన పక్క నుంచి కూడా అలాగే జరుగుతారు, ఒకసారి గమనిస్తే నీకే తెలుస్తుంది. ఎవరూ ఏమీ అనలేదు కదా, అంతా బాగానే ఉందని అనుకోవద్దు. డౌట్ ఉంటే మీ టీమ్‌లో ఒకరిని నేరుగా అడుగు, అడిగితే చాలా ఓపిగ్గా చెబుతారు, అడగకపోతే ఎప్పటికీ చెప్పరు.

ఆఫీసు సంగతి. మొదటి రోజు ఒంట్లో బాగుంటే మాస్క్ లేకుండానే వెళ్లు, కొత్తవాడివి, నీ మొహం వాళ్లకు గుర్తుండాలి. బ్యాగులో మాత్రం ఒకటి ఉంచుకో. జలుబుగా ఉంటే పెట్టుకునే వెళ్లి, పరిచయం చేసుకునేటప్పుడు ‘మాస్కు నో మామా షిత్సురే షిమాసు’ అని ఒక్క ముక్క అను, మాస్క్ తియ్యకుండా మాట్లాడుతున్నందుకు క్షమించండని. ఎదుటివాళ్లు వెంటనే తేలికపడతారు. ఇంకొకటి, టీమ్‌లో ఎప్పుడూ మాస్క్ తియ్యని వాళ్లు ఉండొచ్చు. మేకప్ వేసుకోలేదనో, మొహం కనబడకపోతేనే హాయిగా ఉందనో, చలికి గొంతు ఎండిపోతుందనో రకరకాల కారణాలు. ఎందుకు తియ్యరని అడగొద్దు, మీ మొహం ఎప్పుడూ చూడలేదని జోకులు అసలే వద్దు.

బాక్సులు తేవద్దు. ఆ చోటులో పచ్చళ్లు తెచ్చుకో. స్టేషన్ దిగగానే డ్రగ్ స్టోర్ ఉంటుంది, అక్కడ ఒక అర మొత్తం ఇవే. కొనేటప్పుడు సైజు చూసుకో, ఫుత్సూ అంటే మామూలుది, చీసామే చిన్నది, ఓకిమే పెద్దది. మామూలు సైజు బిగుతైతే సాయంత్రానికి చెవుల వెనక ఒరుసుకుపోతుంది, అలాంటప్పుడు ఓకిమే తీసుకో. పైన ఉండే తీగను ముక్కు ఆకారానికి నొక్కకపోతే కళ్లజోడు మీద ఆవిరి పడుతుంది, పుప్పొడి కూడా ఆ సందులోంచే పోతుంది. వాడింది ఎక్కడ పడేద్దామా అని రోడ్డు మీద చెత్తబుట్ట వెతక్కు, దొరకదు. చిన్న కవర్లో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లి, కాల్చే చెత్తలో వెయ్యి. తినేటప్పుడు తీసిన మాస్క్ టేబుల్ మీద పెట్టకు, మడిచి ఆ కవర్లోనే పెట్టుకో.

కవాసాకి నుంచి:

అన్నయ్య బాగా చెప్పారు, నేను రెండు విషయాలు కలుపుతాను. తమ్ముడూ, నాకు పుప్పొడి ఎలర్జీ లేదు కదా అని ధైర్యంగా ఉండకు. వచ్చిన కొత్తలో ఏమీ లేకుండా కొన్నేళ్ల తర్వాత మొదలైనవాళ్లు మనలో చాలామంది ఉన్నారు, నేను కూడా అంతే. వరుసగా తుమ్ములు, నీళ్ల ముక్కు, కళ్ల దురద, కానీ జ్వరం లేదు అంటే జలుబు మాత్రలు మింగుతూ కూర్చోకు, ముక్కు డాక్టర్ దగ్గరికి వెళ్లు, ఇక్కడ జిబీకా అంటారు. ఇక్కడి హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటే బిల్లులో 30 శాతమే నువ్వు కట్టేది. క్లినిక్కులు, హాస్పిటళ్లు, ముసలివాళ్ల కేంద్రాల్లో మాత్రం ఇప్పటికీ చాలాచోట్ల మాస్క్ అడుగుతారు, అక్కడ నా ఇష్టం అని వాదించకు, లోపలున్నవాళ్లు జబ్బుతో ఉన్నవాళ్లు. జ్వరం ఉంటే నేరుగా వెళ్లిపోకుండా ముందు ఫోన్ చెయ్యి.

మాస్క్ వీళ్లకు చిన్నప్పుడే ఎలా అలవాటవుతుందో మా పాప స్కూల్లో చూశాను. మధ్యాహ్నం భోజనం వడ్డించే డ్యూటీ పిల్లలదే, వారానికి కొందరు చొప్పున. తెల్ల కోటు, తలకు టోపీ, మూతికి మాస్క్, ఆరేడేళ్ల పిల్లలు గరిటె పట్టుకుని తోటివాళ్ల గిన్నెల్లో సూప్ పోస్తుంటారు. శుక్రవారం ఆ కోటు ఇంటికి తెచ్చి, ఉతికి ఇస్త్రీ చేసి సోమవారం తర్వాత డ్యూటీ వాళ్లకు అప్పజెప్పాలి. నా తుంపర ఇంకొకరి అన్నంలో పడకూడదని పిల్లకు నేను చెప్పాల్సిన అవసరమే రాలేదు.

ఒసాకా నుంచి:

మొదటి అన్నయ్యతో ఒక్క విషయంలో నాది వేరే మాట. మొదటి రోజు ట్రైన్లో పెట్టుకునే వెళ్లి, ఆఫీసులో తీసెయ్ తమ్ముడూ, ఫిబ్రవరిలో ఫ్లూ కూడా తిరుగుతుంటుంది, వచ్చిన వారంలోనే పడుకుంటే చూసేవాళ్లు ఉండరు. అదే జూలై, ఆగస్టులో మాత్రం అందరూ పెట్టుకున్నారని మొహమాటానికి పెట్టుకుని ఎండలో నడవకు. ఇక్కడి వేసవి ఉక్క మన విజయవాడకు తీసిపోదు, వడదెబ్బ తగులుతుంది, బయట తీసెయ్యమని 2022లోనే ప్రభుత్వం చెప్పింది.

అడిగిన తమ్ముడు:

చాలా థాంక్స్ అక్కా, అన్నలూ. అమ్మకు చదివి వినిపించాను, కాస్త కుదుటపడింది. నాకు డస్ట్ ఎలర్జీ ఉంది, జలుబు మాత్రలు, దగ్గు సిరప్ ఇక్కడి నుంచే తెచ్చుకుందామనుకుంటున్నాను, పర్వాలేదా?

నిషికసాయి నుంచి:

సర్దేముందు ప్రతి స్ట్రిప్పు వెనక కాంపోజిషన్ చదువు. సూడోఎఫెడ్రిన్ 10 శాతం కంటే ఎక్కువ ఉన్న మందులు జపాన్‌కు తేకూడదు, మన జలుబు మాత్రల్లో అది కొన్నింటిలో ఉంటుంది. కోడైన్ ఉన్న దగ్గు సిరప్ కూడా ఇంట్లోనే వదిలెయ్. డస్ట్ ఎలర్జీకి డాక్టర్ రాసిన మందు ఉంటే ఒక నెలకు లోపే, ప్రిస్క్రిప్షన్‌తో పాటు తెచ్చుకో. అది అయిపోయేలోపు ఇక్కడ జిబీకాలో చూపించుకుందువు గాని. జపనీస్‌లో ఇబ్బందైతే చెప్పు, మొదటిసారి నేను తోడొస్తాను.