"లావొక్కింతయు లేదు"లో "నాకు" ఎక్కడుంది?

మ్యూనిక్ కోడలు:
సందేహం కంటే ముందు నా పరువు పోయిన కథ. ఇక్కడ జర్మన్ ఏ1 (మొదటి మెట్టు) క్లాసు, జులై నెల, ఏసీ లేదు, ఒకటే ఉక్క. ఇంగ్లీషులో ఐ యామ్ హాట్ కదా అని "ఇష్ బిన్ హైస్" అనేశా. క్లాసంతా ఒకటే నవ్వు, అలా అంటే కోరికతో వేగిపోతున్నానని అట 🤦 టీచరమ్మ నవ్వాపుకుంటూ "మీర్ ఇస్ట్ హైస్" అని దిద్దింది, నాకేమో "మీరు" అని వినపడి "మీరు కాదండీ, నేనే" అని తెలుగులోనే అనేశా. తీరా చూస్తే వాళ్ళ "మీర్" అంటే మన "నాకు"! అంటే తెలుగులోంచి తిప్పుకుని ఉంటే బతికిపోయేదాన్ని. ఇంటికొస్తుంటే ట్రామ్‌లో గజేంద్రుడు గుర్తొచ్చాడు. మూడో పాదంలో ఎక్కడో "నాకు" ఉన్నట్టు అనిపిస్తోంది, "మన్నింపదగున్ దీనునిన్" దగ్గరే ఆగిపోతున్నా. ఉందా?

గణాలగంప:
మన్నింపదగున్ కాదు, మన్నింపందగున్. సున్న మింగేయకండి.

బడిపంతులు:
మన్నింపన్ + తగున్, చివరి "న్" ద్రుతం కాబట్టి అరసున్న అయినా చెల్లుతుంది.

గణాలగంప:
సంధికి చెల్లుతుంది మాస్టారూ, ఈ పద్యం ఛందస్సు శార్దూలం, దానికి చెల్లదు. అక్కడ త గణం (గురువు, గురువు, లఘువు), "న్నిం పం ద". అరసున్న పెడితే "ప" లఘువైపోయి పాదం కుంటుతుంది.

బడిపంతులు:
సరే ఒప్పుకున్నా. అమ్మా, పద్యం మొత్తం వెతికినా నేనూ లేదు, నాకూ లేదు. "ఎఱుగ" అంటే "ఎఱుగను", అందులో మాత్రం నేను దాక్కుంది. మూర్ఛ వచ్చె, శ్రమంబయ్యెడిన్, అన్నీ వాటంతటవే వచ్చి మీద పడ్డాయి, పాపం ఏనుగు చేసిందేం లేదు. ఆ ఒక్కమాట అనకుండానే ఎంత ఏడిపించాడో చూడండి, పోతన పోతనే.

మ్యూనిక్ కోడలు:
అబ్బ! మరి మన "నాకు" చతుర్థీ విభక్తే కదా మాస్టారూ?

బడిపంతులు:
కాదమ్మా, కి కు షష్ఠి. కొఱకున్, కై చతుర్థి. ఈ "నాకు" జర్మన్ వాళ్ళ లెక్కలో మూడోది, సంస్కృతంలో నాలుగోది, మనకి ఆరోది.

ఓరుగల్లు పిల్ల:
విభక్తి సంగతి సరే గానీ మాకు చలి పెడ్తది, మీ ఆంధ్రోళ్ళకు చలి వేస్తది, ఉక్క మాత్రం అందరికీ పోస్తది. ఈ పెట్టుడు, పోసుడు ఎవరు చేస్తున్నరో చెప్పండి ముందు.

పుస్తకాల పురుగు:
మా బుడ్డోడు "ఏనుగుకి లావు లేకపోవడమేంటి, డైటింగా" అన్నాడు 😂 బలం అని చెప్తే నమ్మట్లేదు.

బడిపంతులు:
నమ్మకపోతే మానె, అడిగాడు, అది చాలు. "మూర్ఛ వచ్చె" ఎవరికొచ్చిందని కూడా అడగమనండి.

గణాలగంప:
ఇంతసేపైంది, మన్నింపందగున్ అని సున్నతో రాసింది నేనొక్కణ్ణే.