గిటార్ మీద ఏ మైనర్ (Am) కార్డ్ పట్టినా మైనర్‌లా వినపడట్లేదు, తప్పెక్కడ?

కొత్తచేతులు:
గిటార్ మీద ఏ మేజర్ (A) కార్డ్, అంటే కలిపి మోగించే ఆ స్వరాల గుంపు, బాగానే మోగుతోంది. ఏ మైనర్‌కి వచ్చేసరికి ఏదో బోసిగా ఉంటోంది. వేళ్లు చార్ట్‌లో ఉన్నట్టే పెడుతున్నా: చూపుడు వేలు 2వ తీగ 1వ ఫ్రెట్ (గడి), మధ్య వేలు 4వ తీగ 2వ ఫ్రెట్, ఉంగరం వేలు 3వ తీగ 2వ ఫ్రెట్. అసలు ఒక్క ఫ్రెట్ తేడాకే మేజర్ కాస్తా మైనర్ ఎలా అయిపోతుంది?

ఆరోతీగ:
మీ 2వ తీగ మోగట్లేదండీ, పందెం. 5వ తీగ నుంచి ఒక్కొక్కటే మీటి చూడండి. వరసగా ఏ, ఈ, ఏ, సి, ఈ (A, E, A, C, E) స్వరాలు రావాలి. ఏ రెండుసార్లు, ఈ రెండుసార్లు ఉన్నాయి, సి మాత్రం ఒక్కటే. మైనర్ అంతా ఆ ఒక్క స్వరంలోనే ఉంది. అది మూగబోతే మిగిలే ఏ, ఈ స్వరాలు మేజరూ కాదు, మైనరూ కాదు. పవర్ కార్డ్ అనేది దాన్నే. మీకు బోసిగా వినపడేదీ అదే.

మేజర్‌లో అదే తీగ మీద 2వ ఫ్రెట్, అంటే సి షార్ప్. ఏ నుంచి అది 4 ఫ్రెట్ల దూరం, సి అయితే 3. మన స్వరాల్లో చెప్పాలంటే, ఏని స అనుకుంటే స, ప కదలవు, అంతర గాంధారం దిగి సాధారణ గాంధారం అవుతుంది.

నున్నటివేళ్లు:
పైది నిజమే, కానీ చూపుడు వేలు సరిగ్గా నొక్కినా 2వ తీగ చచ్చిపోవచ్చు. అసలు దొంగ చాలాసార్లు ఉంగరం వేలు. అది 3వ తీగ మీద వాలిపోయి, దాని కండ 2వ తీగకి తగులుతుంది. 1వ ఫ్రెట్ దగ్గర నొక్కిన తీగ అక్కడి నుంచి బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే పట్టీ) దాకా ఊగాలి కదా, మధ్యలో 2వ ఫ్రెట్ దగ్గర ఏది ఆనినా ఊపు ఆగిపోతుంది. బొటనవేలు మెడ వెనక నడిమికి దించండి, మణికట్టు కాస్త ముందుకు తెండి. వేళ్లు వాటంతటవే నిలబడతాయి. ఎడమచేతి గోళ్లు పెరిగి ఉంటే ఎన్ని చేసినా లాభం లేదు.

చూపుడు వేలు ఫ్రెట్ కడ్డీకి ఆనుకునేంత దగ్గరగా ఉండాలి, గడి మధ్యలో కాదు. 1వ గడి అన్నిటికన్నా వెడల్పు, అందుకే అక్కడే జారతారు.

కొత్తచేతులు:
ఉంగరం వేలేనండీ! ఇప్పుడు మోగుతోంది, కానీ కొంచెం శ్రుతి తప్పినట్టుంది. 6వ తీగ కూడా మీటొచ్చా?

ఆరోతీగ:
ట్యూనర్ పెట్టి ముందు 2వ తీగ ఖాళీగా, తర్వాత 1వ ఫ్రెట్ నొక్కి మీటండి. ఖాళీగా సరిగ్గా ఉండి, నొక్కితే సి కన్నా పైకి పోతోందంటే బలం ఎక్కువ పెడుతున్నారు, లేదా తీగని పక్కకి లాగుతున్నారు. మెల్లగా నొక్కినా పైకే పోతే నట్‌లో (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడి లోతు చాలలేదు. అది రిపేర్ చేసేవాళ్ల పని, మీరు ఆకురాయి పట్టకండి.

6వ తీగ స్వరం ఈ (E) కాబట్టి కార్డ్ చెడదు, కాకపోతే అన్నిటికన్నా కింది స్వరంగా ఏ బదులు ఈ వినపడి బరువు అటు పోతుంది. అది వద్దనుకుంటే 5వ తీగ నుంచే మీటండి.

నున్నటివేళ్లు:
దీని తర్వాత సి మేజర్‌కి వెళ్లండి: చూపుడు, మధ్య వేళ్లు కదపక్కర్లేదు, ఉంగరం వేలు ఒక్కటీ 5వ తీగ 3వ ఫ్రెట్‌కి. ఈ మైనర్ (Em), డి మైనర్ (Dm) కార్డ్‌లలో కూడా మైనర్ స్వరం ఒక్కచోటే ఉంటుంది, మొదటిదాన్లో ఖాళీ 3వ తీగ, రెండోదాన్లో 1వ తీగ 1వ ఫ్రెట్. ముందు ఆ తీగ మోగిందో లేదో వినండి.