ఏ లేబుల్ చేసినా పాతదానిలాగే వస్తోంది. ఆలోచన ఎండిపోకుండా ఎలా చూసుకుంటున్నారు?

కంటోన్మెంట్ డిజైనర్, విజయనగరం:

అందరికీ నమస్కారం. గంటస్తంభానికి దగ్గర్లో ఆరేళ్లుగా చిన్న డిజైన్ షాపు నడుపుతున్నాను. విజిటింగ్ కార్డులు, ప్యాకెట్ లేబుళ్లు, షాపు బోర్డులు, ఫ్లెక్సులు అన్నీ చేస్తాను. మొదట్లో ఒక్కో పనికి ఒక్కోలా ఆలోచన వచ్చేది. రాత్రి అన్నం తింటుంటే లోగో తట్టేది, చెయ్యి కడుక్కుని వెళ్లి గీసుకునేదాన్ని. ఇప్పుడు కంప్యూటర్లో డిజైన్లు గీసే కోరల్‌డ్రా తెరవగానే చెయ్యి పాత ఫైలు మీదకే పోతోంది. దసరాకి మొదలుపెడితే ఆ తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అయ్యేదాకా ఊపిరి తీసుకోనివ్వని ఫ్లెక్సుల పని. ఫొటో మార్చడం, పేరు మార్చడం. అది అయ్యాక కొత్త పని వస్తే ఏమీ తోచదు.

పోయిన నెల ఒక స్వీటు షాపుకి లోగో చేసి ఇచ్చాను. వారం తర్వాత ఓనరు వచ్చి, ఇంకో ఊళ్లోని షాపు బోర్డు ఫోన్‌లో చూపించారు. అదే బొమ్మ. నేను నెట్‌లో దొరికిన రెడీమేడ్ ఫైలు తీసి రంగు మార్చాను, అక్కడి డిజైనర్ కూడా అదే తీశారు. ఆయన అరవలేదు. "మా నాన్న పెట్టిన షాపమ్మా ఇది" అన్నారంతే. డబ్బు తిరిగి ఇచ్చేశాను కానీ ఆ మాట నన్ను వదలడం లేదు.

ఇప్పుడు ఒక గానుగ నూనె మిల్లుకి లేబుల్ చేయాలి. నాలుగు డ్రాఫ్టులు వేశాను. నాలుగింట్లోనూ ఎద్దు, చెక్క గానుగ, పక్కన ఆకుపచ్చ ఆకు. బజారులో ఏ సీసా చూసినా అవే. ఈ పనిలో ఏళ్లుగా ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

బొబ్బిలి వాసి:

నాదీ ప్రింటింగే. మన దగ్గర ఫ్లెక్సుకి చదరపు అడుగు లెక్కన డబ్బులిస్తారు, ఆలోచనకి ఎవరూ ఇవ్వరు. ముందు అద్దె, కరెంటు బిల్లు చూసుకోవాలి కదండీ. ఎద్దు బొమ్మ బాగుందని కస్టమరు అంటే ఇచ్చేయండి.

ఏడు రోడ్ల పెయింటర్, శ్రీకాకుళం:

అమ్మా, నేను 34 ఏళ్లు చేత్తో బోర్డులు రాశాను. ఎనామిల్ పెయింటు, బ్రష్షు, గీత కొట్టడానికి సుద్ద రాసిన దారం. ఫ్లెక్సు వచ్చాక పని తగ్గింది, ఇప్పుడు గుళ్లకీ బడులకీ రాస్తున్నాను.

ఏ షాపుకి బోర్డు ఒప్పుకున్నా ముందు ఒక పూట ఆ షాపులో కూర్చునేవాణ్ణి. నరసన్నపేటలో ఒక చీరల షాపు ఉండేది. "నాణ్యతకు మారుపేరు" అని రాయమన్నారు. మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. వచ్చిన ప్రతి ఆడమనిషీ ఒకటే అడుగుతోంది, "ఉతికితే రంగు పోదు కదా?" అని. సాయంత్రం ఓనరుని అడిగాను, రంగు పోతే చీర వెనక్కి తీసుకుంటారా అని. రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నారు. బోర్డు మీద అదే రాశాను: "రంగు పోతే చీర వెనక్కి తీసుకుంటాం." ఆయన ఒప్పుకోకపోయి ఉంటే రాసేవాణ్ణి కాదు. నేను కనిపెట్టింది ఏమీ లేదమ్మా, ఆ ఆడవాళ్లు అడిగినదానికి జవాబు రాశాను.

ఇంకొకటి. కంప్యూటర్లో జాగా చాలకపోతే అక్షరాన్ని పక్కల నుంచి నొక్కేస్తున్నారు. తెలుగు అక్షరానికి కింద వత్తు ఉంటుంది, పైన గుడి ఉంటుంది. "లక్ష్మి" రాసి చూడు, ఎంత చోటు అడుగుతుందో. నొక్కితే లోపలి సున్నాలు మూసుకుపోతాయి, దూరం నుంచి మసకగా కనిపిస్తాయి. రోజూ పొద్దున్న షాపు తెరిచాక కంప్యూటర్ పెట్టకముందు ఒక్క పేరు పెన్సిల్‌తో పెద్దగా గియ్యి. చెయ్యి పాత ఫైలు మీదకి పోతోందన్నావు కదా, దానికి వేరే అలవాటు చెయ్యాలి.

పలాస కాపీరైటర్:

పెయింటర్ గారు చెప్పింది నాకు ఆలస్యంగా తెలిసింది. హైదరాబాద్‌లో యాడ్ ఏజెన్సీల్లో 12 ఏళ్లు చేశాను. ఒకసారి జీడిపప్పు ప్యాకెట్‌కి రాయాల్సి వచ్చింది. ఏసీ గదిలో కూర్చుని "రాజసమైన రుచి" లాంటివి ముప్పై రాశాను. మా అమ్మ పలాసలో పప్పు గ్రేడింగ్‌కి వెళ్లేది. ఫోన్‌లో చెప్తే విని, "ఎన్నో నంబరు పప్పో రాశావా?" అంది. 240, 320 అని ఉంటాయే, అవి పౌనుకి, అంటే దాదాపు 454 గ్రాములకి, సుమారు ఎన్ని గుండ్లు తూగుతాయో చెప్పే అంకెలు. అంకె పెరిగిన కొద్దీ గుండు చిన్నది. ఇంట్లో నేను చిన్నప్పటి నుంచి విన్న మాటే, నాకు తట్టలేదు. ప్యాకెట్ వెనక అది వివరిస్తూ నాలుగు వాక్యాలు రాశాను. 12 ఏళ్లలో నాకు బాగా నచ్చిన నా పని అదే.

అమెరికాలో ష్లిట్జ్ బీరుకి ప్రకటనలు రాసిన క్లాడ్ హాప్‌కిన్స్ కూడా ముందు బ్రూవరీకి వెళ్లి చూశారు. సీసాలు ఆవిరితో కడుగుతున్నారు, అదే రాశారు. మిగతా కంపెనీలూ అలాగే కడిగేవి, చెప్పుకోలేదంతే.

ప్రతిసారీ అన్నీ కొత్తగా ఉండాలన్న టెన్షన్ కూడా వదిలేయండి. అమూల్ వెన్న ప్రకటనల్లో 1966 నుంచీ అదే పాప, అదే చుక్కల గౌను. మారేది ఆ రోజుల్లో దేశంలో జరుగుతున్న సంగతి.

బొబ్బిలి వాసి గారూ, అద్దె మాట నిజమే, అందుకే కొటేషన్‌లో "చూసి రావడానికి ఒక రోజు" అని వేరే లైను వేయండి. పది మందిలో ఇద్దరు ఇస్తారు. సీజన్ ఫ్లెక్సుల డబ్బుతో మిగతా నెలల్లో ఆ ఇద్దరి పనీ నిదానంగా చేయొచ్చు.

కంటోన్మెంట్ డిజైనర్, విజయనగరం:

నిన్న మిల్లుకి వెళ్లి వచ్చాను. పొద్దున్న 6 నుంచి 11 దాకా ఉన్నాను. అక్కడ ఎద్దు లేదు! చెక్క గానుగే కానీ మోటారుతో తిరుగుతోంది. ఎద్దు బొమ్మ వేసి ఉంటే అబద్ధం అయ్యేది. నువ్వులు తెచ్చుకుని ఎదురుగా ఆడించుకునేవాళ్లు ముగ్గురు వచ్చారు. తీసిన నూనెని డ్రమ్ముల్లో రెండు రోజులు కదపకుండా ఉంచుతున్నారు, మడ్డి అడుక్కి దిగాక పైది సీసాలకి నింపుతున్నారు. ఒక ముసలామె సీసాని వెలుగుకి ఎత్తి పట్టుకుని, "బాగా తేరింది" అంది.

లేబుల్ మీద "తేరిన నూనె" అని పెద్దగా, కింద చిన్నగా "రెండు రోజులు ఆగి నింపాం" అని రాద్దామనుకుంటున్నాను. మిల్లు ఆయన్ని అడిగాను, ఎప్పుడూ అలాగే చేస్తామన్నారు. ఒక రోజు ఖర్చు లైను కూడా ఒప్పుకున్నారు.

పెయింటర్ గారూ, పొద్దున్న నుంచి "నూనె" పెన్సిల్‌తో గీస్తున్నాను. "నె" ఎత్వం పైకి లేచి పై లైనుకి తగులుతోంది. ఎత్వం తగ్గించాలా, లైన్ల మధ్య ఎడం పెంచాలా?

ఏడు రోడ్ల పెయింటర్, శ్రీకాకుళం:

ఎడం పెంచమ్మా. ఎత్వం ముట్టుకోవద్దు. గీసింది ఫొటో తీసి పెట్టు, చూస్తాను.