తాడు లాగే ఆటతో కుక్కకు మాట వినడం నేర్పవచ్చా?

మూడో_అంతస్తు
విజయవాడలో ఫ్లాటులో ఉంటున్నాం. మా లాబ్రడార్‌కు 14 నెలలు. సాయంత్రం మేడ మీద తాడు లాగే ఆట ఆడిస్తూ ‘కూర్చో’, ‘వదులు’ నేర్పుతున్నాను. మొదటి రెండు నిమిషాలు బుద్ధిగా వింటుంది. ఆ తర్వాత నా మాట చెవికెక్కదు, ఎగిరి తాడుతో పాటు నా చెయ్యీ అందుకుంటుంది. ఇంట్లో బిస్కెట్లతో నేర్పితే నింపాదిగా చేసి, నాలుగోసారికి పడుకుంటుంది. హుషారు తగ్గకుండా ధ్యాస నిలిపేదెలా?

పెద్దగేటు
ముందు ఆ తాడు తీసేయండి. 30 ఏళ్లుగా కుక్కలను పెంచుతున్నాను. లాగుడులో గెలిచిన కుక్క ఇంట్లో పైచేయి తనదే అనుకుంటుంది. ఆట వేరు, నేర్పడం వేరు.

బంతిపువ్వు
ఎన్ని గంటలకు ఆడిస్తున్నారు? కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూనే వేడి వదులుకోవాలి. మేడ ఇంకా కాలుతుంటే మాట ఎలా వింటుంది?

తోకచుక్క
గెలిస్తే పెత్తనం చేస్తుందన్న మాట పరీక్షకు నిలబడలేదు. బ్రిటన్‌లో రూనీ, బ్రాడ్‌షా అనే పరిశోధకులు 14 గోల్డెన్ రిట్రీవర్లతో ఈ ఆటే ఆడారు. ఒక్కోదాన్ని 20 సార్లు గెలవనిచ్చారు, 20 సార్లు ఓడించారు. 2002లో ఫలితం ప్రకటించారు: గెలిచినా ఓడినా, ఆట తర్వాత అవి మనిషి మాట ఇంకా శ్రద్ధగా విన్నాయి.

మూడో_అంతస్తు గారూ, మీ ఆటలో విరామం లేదు. పది లెక్కపెట్టేంతసేపే లాగండి. తర్వాత తాడును మోకాలికి ఆనించి చెయ్యి కదలనివ్వకండి. కదలని తాడు దానికి విసుగు, వదిలేస్తుంది. వదలగానే ‘కూర్చో’. కూర్చోగానే ‘పట్టు’, మళ్లీ ఆట. మాట వింటేనే ఆట తిరిగి మొదలవుతుందని దానికే తెలిసిపోతుంది. మూడు నాలుగు సార్లు చాలు. చివర బిస్కెట్ ముక్కలు కుండీల మధ్య చల్లితే వాసన పట్టి వెతుక్కుంటూ నెమ్మదిస్తుంది. చెయ్యి అందుకునేదాకా ఆగవద్దు, దాని పట్టు మీ వేళ్ల వైపు జరుగుతున్నప్పుడే ఆపండి.

నల్లరేగడి
ఏ కుక్క అన్నదీ చూడాలి. 2015లో బ్రే, మాక్‌లీన్, హేర్ అనే పరిశోధకులు ప్రకటించిన పరీక్షలో తిండి కోసం కుక్కలు పారదర్శకమైన అడ్డును చుట్టి వెళ్లాలి. ఉత్సాహపరిచే గొంతుతో పిలిస్తే నెమ్మదైన సహాయక కుక్కలు (దివ్యాంగులకు తోడ్పడేవి) మెరుగ్గా చేశాయి, చలాకీ పెంపుడు కుక్కలు తడబడ్డాయి. మా రాజపాళయం జాతి కుక్కకు నేను గొంతు పెంచాలి. మీరు తగ్గించాలి.

పెద్దగేటు
బ్రిటన్ కుక్కలను పక్కన పెట్టండి. చివరికి తాడు ఎవరి దగ్గర ఉండాలి? ఒక్క మాటలో చెప్పండి.

తోకచుక్క
ఎవరి దగ్గర ఉన్నా ఫరవాలేదు. నేను వదిలేస్తే మా కుక్క తాడు తెచ్చి మళ్లీ నా చేతికే ఇస్తుంది.

పెద్దగేటు
అంటే కుక్క దగ్గరే.

తోకచుక్క
మళ్లీ అక్కడికే వచ్చారు. ఇలాంటి సలహాలు విని నా మొదటి కుక్కను ఒక ట్రైనర్‌కు అప్పగించాను. రెండు నెలల తర్వాత చెప్పగానే కూర్చునేది. కానీ నేను చీర ఆరేయడానికి చెయ్యెత్తితే మంచం కింద దూరేది. చనిపోయేదాకా అంతే. దాన్ని అదుపు అంటే నేను ఒప్పుకోను.

పెద్దగేటు
కొట్టమని నేనెక్కడ అన్నాను? చూపించండి.

మా మనవడికి నాలుగేళ్లప్పుడు వాడి చేతిలో తువ్వాలు చూసి మా కుక్క ఎగిరింది. కోపంతో కాదు, ఆడుకుందామనే. వాడి మోచేతికి ఆరు కుట్లు పడ్డాయి. దానికి తువ్వాలు లాగడం నేర్పింది నేనే. ఊళ్లో పొలం దగ్గరికి పంపేశాం. వెళ్లేటప్పుడు కూడా నోట్లో ఆ తువ్వాలే ఉంది. మీరంతా ధ్యాస గురించి మాట్లాడుతున్నారు, నేను వాడి చెయ్యి గురించి మాట్లాడుతున్నాను.

తోకచుక్క
ఇది మొదటే చెప్పి ఉంటే ఇన్ని మాటలు అనేదాన్ని కాదు. అయినా అడుగుతాను. ‘పట్టు’ అంటేనే ఆట అని దానికి నేర్పారా?

పెద్దగేటు
లేదు. ‘ఆపు’ ఒక్కటే నేర్పాను. అయినా నాలుగేళ్ల వాడు నియమం పాటిస్తాడా? మీ పద్ధతి పెద్దవాళ్లున్న ఇంటికి సరిపోతుందేమో. మూడో_అంతస్తు గారూ, మీ ఇంట్లో చిన్నపిల్లలున్నారా?

మూడో_అంతస్తు
మా అక్క కూతురు వేసవి సెలవులకు వస్తుంది. ఐదేళ్లు. చున్నీ కప్పుకొని పరుగెత్తడం దానికి ఇష్టం.